నిలబడే ఉన్న హేరోదు రాజు

మెట్రో రైలు ఇంకా మా అమీర్‌పేట నెత్తికెక్కని కాలం అది. రోడ్డు మధ్యన పిల్లర్లు మాత్రం లేచి, పైన ఏం మోయాలో తెలియక ఊరికే నిలబడి ఉండేవి. (ఊరికే నిలబడటం గురించే ఈ కథంతా కాబట్టి వాటిని ముందే తలుచుకున్నాను.) ఆ రోజుల్లో డిసెంబరు వచ్చిందంటే మా ఇళ్లల్లో చలికన్నా ముందు సెమీ క్రిస్మస్ హడావుడి దిగేది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. అసలు పండుగ ఇరవై అయిదున వస్తుంది. అందాకా ఆగే ఓపిక మావాళ్లకు ఉండదు కనుక ప్రతి చర్చీ, ప్రతి ఆఫీసూ, ప్రతి కాలనీ తమ వీలునుబట్టి ముందే ఒక క్రిస్మస్ చేసేసుకుంటాయి. కేకు కోస్తారు, పాటలు పాడతారు, పిల్లల చేత నాటకం వేయిస్తారు. పంజాగుట్ట సందులో ఉన్న మా చిన్న చర్చిలో నాటకం అంటే ఒక్కటే, యేసు పుట్టుక. కథ మారదు, మాటలు మారవు, గొల్లవాళ్లు తలకు చుట్టుకునే తువ్వాళ్లు కూడా మారవు. ఏ పిల్లవాడికి ఏ వేషం అన్నదొక్కటే ఏటేటా మారేది, దాని మీదే మా బాల్యాలన్నీ ఆధారపడి ఉండేవి.

నేను గొర్రెను. బడిలో చేరిన ఏడాది నుంచీ గొర్రెనే. ఒంటికి దూది అంటించుకుని, మోకాళ్ల మీద పాకుతూ వచ్చి, పశువుల పాక పక్కన కూర్చుని, అందరూ పాడేటప్పుడు నేను కూడా తల ఊపాలి. దూది ముక్కులోకి పోయి తుమ్మితే జనం నవ్వేవాళ్లు. మా అమ్మ మాత్రం 'మావాడు బాగా చేశాడు' అని పక్కవాళ్లకు చెప్పుకునేది. అలాంటి నాకు మూడో తరగతిలో ఉండగా హేరోదు రాజు వేషం వచ్చింది. లోకంలో ఇంకో రాజు పుట్టాడని విని కోపంతో ఊగిపోయే రాజు అతను. పాత హేరోదుకు మీసాలు మొలిచి, పదో తరగతి పరీక్షలు దగ్గరపడి, వాళ్లమ్మ మానిపించింది. ఆ ఖాళీలోకి నన్ను తీసుకున్నది మా మేనత్త. ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. ఆదివారాల్లో మా సండే స్కూలు టీచరు. రెండు చోట్లా ఒకే గొంతు, ఒకే కళ్లజోడు. ఒకరోజు మా ఇంటికొచ్చినప్పుడు, ఉప్మా పెట్టినందుకు నేను పళ్లెం తోసేసిన తీరు చూసి, "వీడిలో హేరోదు ఉన్నాడు" అని అక్కడికక్కడే తేల్చేసింది.

ఉప్మా ముందు ఉన్న హేరోదు చర్చిలో రిహార్సల్ మొదలయ్యేసరికి కనపడకుండా పోయాడు. అదే చిక్కు. సింహాసనంగా మా అయ్యగారి కుర్చీనే వాడేవాళ్లం. (మా చర్చిల్లో పాస్టరుగారిని అయ్యగారు అంటాం.) ఎత్తు వీపు, ఎర్ర మఖమల్ దిండు, చెక్కిన చేతులు. వేదిక మీద ఉన్న ఆ కుర్చీలో అయ్యగారూ, ఏటా ఒక్కరోజు హేరోదూ తప్ప ఎవరూ కూర్చోగా నేను చూడలేదు. దాన్నెక్కితే నా కాళ్లు నేలకు అందేవి కావు, గొంతు పెదవులకు అందేది కాదు. "నేనుండగా ఇంకో రాజా? ఎవడు వాడు?" అని గర్జించి, కుర్చీ చేతి మీద గుద్దాలి. నేను గుద్దితే చప్పుడు రాలేదు, నాకే నొప్పి పుట్టింది.

"ఏంట్రా అది? రాజు అట్టాగేనా కూర్చునేది? డాక్టరు దగ్గర వరస కోసం కూర్చున్నట్టున్నావు" అంది అత్తయ్య.

ఇంతలో వెనక నుంచి ఒక కంఠం లేచింది. "నేనుండంగ ఇంకో రాజా? ఎవడు వాడు?" కిటికీ అద్దాలు గణగణమన్నాయి. వాడు బోరబండ నుంచి వచ్చే గంట అన్న. అసలు పేరు ఇంకేదో ఉంది కానీ ఆ గొంతు విన్నవాళ్లెవరూ అసలు పేరు అడగరు. నాకన్నా పెద్దవాడు. తూర్పు నుంచి వచ్చే ముగ్గురు జ్ఞానుల్లో ఒక జ్ఞాని. అందరి మాటలూ వాడికి కంఠతా వచ్చు. అత్తయ్య వాడి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "వచ్చే ఆదివారం నాటకంలోగా నీకు రాజరికం పట్టుబడకపోతే వేషం గంటకిచ్చేస్తా. నీకు దూది ఎలాగూ ఉందిగా" అంది. ఆ రాత్రి నేను కిరీటాన్ని దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను. అట్ట ముక్కకు మిఠాయి డబ్బాల బంగారు కాగితం అంటించి మా అమ్మ చేసిన కిరీటం. దాన్ని గంట నెత్తిన ఊహించుకుంటే నాకు నిద్ర పట్టలేదు.

అత్తయ్య ఏ పనినీ సగంలో వదిలేసే మనిషి కాదు. శనివారం పొద్దున్నే వచ్చి, "పద, రాజులు ఎట్టా ఉంటారో చూపిస్తా" అంది. పాతబస్తీలో, చార్మినార్‌కి కాస్త అవతల ఉన్న నవాబుల మహలుకి తీసుకెళ్తానంది. గంట అన్నను కూడా వెంటబెట్టుకొచ్చింది, ఎందుకైనా మంచిదని. నా వేషం ఇక వాడికేనని భయమేసింది. కానీ అంతకన్నా పెద్ద ఆలోచన ఇంకోటి వచ్చి భయాన్ని పక్కకు తోసేసింది. రాజును చూడబోతున్నాను. మహలు ఉందంటే రాజు ఉంటాడు, రాజు ఉంటే కూర్చుని ఉంటాడు, ఎలా కూర్చున్నాడో చూసి వచ్చేస్తే చాలు. (నవ్వకండి. జంతుప్రదర్శనశాలలో పులి ఉన్నప్పుడు మహల్లో రాజు ఎందుకు ఉండడు, ఆ వయసులో ఇది గట్టి వాదనే.)

చలి బాగా ఉందని మా అమ్మ నాకు స్వెట్టరూ మంకీ క్యాపూ తొడిగింది. కిరీటాన్ని సంచిలో పెడితే వంగిపోతుందని, గంట చేతికిస్తే తిరిగిరాదని, మంకీ క్యాపు మీదే పెట్టేసుకున్నాను. అలాగే అమీర్‌పేటలో సిటీ బస్సెక్కాను. లక్డీకాపూల్ దాటేదాకా కండక్టరు మా వైపు చూసి చూసి, చివరికి అత్తయ్య హాఫ్ టికెట్ అడగ్గానే, "రాజుగారికి సుత హాఫేనా మేడమ్?" అన్నాడు. బస్సంతా నవ్వింది. గంట అందరికన్నా గట్టిగా నవ్వాడు. నేను రాజులా ముఖం పెట్టాలని ప్రయత్నించి కిటికీలోంచి బయటికి చూశాను. అత్తయ్య మాత్రం చిల్లర లెక్కపెట్టుకుంటూ, "రాజైనా మూడో తరగతే కదండీ" అంది.

గేటు దగ్గర మళ్లీ చుక్కెదురైంది. టికెట్లు చించే ఆయన నా తలకాయ చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "లోపల గిట్ల కిరీటాలు నడవయ్ అమ్మా. షూటింగ్ అనుకుంటరు. తీసి సంచిల పెట్టుకోమను." అత్తయ్య తన ఆఫీసు గొంతు తీసి, ఏ రూల్లో ఉందని అడిగింది. ఆయన రూలు చెప్పలేదు. "మహల్ లోపల కిరీటం ఎవ్వరు పెట్టుకోరు మేడమ్" అని మాత్రం మళ్లీ అన్నాడు, అది అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. నేను గబగబా కిరీటం తీసి గుడ్డ సంచిలో పెట్టేసుకున్నాను. రాజుగారి ఇంట్లో ఇంకొకడు కిరీటం పెట్టుకుని తిరగడం మర్యాద కాదని నాకే తోచింది.

ఇక లోపలికి అడుగు పెట్టాక నేను ఏం చూశానో చెప్పడానికి ఇన్నేళ్ల తర్వాత కూడా మాటలు తడుముకుంటాను. అమీర్‌పేటలో పెరిగినవాడికి ఆకాశం అంటే రెండు కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య మిగిలిన ముక్క. అక్కడ ఆకాశం మొత్తం ఉంది. దాని కింద పొడుగాటి నీళ్ల కొలను, కొలను మీద ఇంకా విడిపోని సన్నటి మంచు, రెండు వైపులా తోట, అటూ ఇటూ తెల్లటి భవనాలు. వాటి కమానులు ఒకదాని వెనక ఒకటి, చివర ఎక్కడుందో తెలియకుండా సాగిపోయాయి. పావురాలు లేస్తే ఆ రెక్కల చప్పుడు వినిపించింది. మా పంజాగుట్టలో పావురాలకు రెక్కల చప్పుడు ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. గంట ఒక కమాను కిందకు పరుగెత్తి, గొంతు ప్రతిధ్వనిస్తుందేమో చూద్దామని "నేనుండంగ" అని మొదలుపెట్టాడు. దూరంగా ఉన్న ఒక కాపలా మనిషి వేలెత్తి చూపించాడు. అంతే, వాడి మిగతా గర్జన గొంతులోనే ఉండిపోయింది. నేను అత్తయ్య చీర కొంగు పట్టుకున్నాను. భయం కాదు అది. అంత పెద్ద చోటులో ఎవరినో ఒకరిని పట్టుకుని ఉండాలనిపించింది.

దర్బారు మందిరం గుమ్మంలోకి వచ్చాం. పైకప్పు నుంచి గాజు దీపాల గుత్తులు వేలాడుతున్నాయి, ఒకదాని పక్కన ఒకటి, మెడ నొప్పి పుట్టేదాకా చూసినా ఇంకా ఉన్నాయి. చలికాలపు ఎండ ఏటవాలుగా లోపలికొచ్చి వాటికి తగిలితే, గోడల మీద రంగురంగుల చుక్కలు మెల్లగా కదిలాయి. మా చర్చి మొత్తం, అయ్యగారి సైకిల్ షెడ్డుతో సహా, ఆ ఒక్క గదిలో పెట్టేసి ఇంకా నలుగురు చుట్టాలను కూర్చోబెట్టవచ్చు. అప్పుడు మా అత్తయ్య చేసిన పని నేను ఎన్నటికీ మర్చిపోను. ఎర్రమంజిల్ ఆఫీసులో ఎంత పెద్ద అధికారి వచ్చినా కళ్లజోడు పైనుంచి చూస్తుందని పేరున్న మనిషి, ఆ గుమ్మంలో ఆగి, వంగి, చెప్పులు విడిచి గోడ పక్కన పెట్టింది. కొంగు తీసి తల మీద కప్పుకుంది. చర్చిలోకి వెళ్లేటప్పుడు మా ఆడవాళ్లంతా చేసేదే అది. అక్కడ చెప్పులు విడవమని ఎవరూ చెప్పలేదు, ఏ బోర్డూ లేదు. కానీ ఆమె విడిచిందని నేనూ విడిచాను, నేను విడిచానని గంట విడిచాడు. మా వెనక వస్తున్న ఒక కుటుంబం ఆ చెప్పులు చూసి, "ఇక్కడ విప్పాలేమోనండీ" అనుకుంటూ వాళ్లూ విడిచారు. కాసేపటికి తిరిగి చూస్తే గుమ్మం పక్కన చిన్న చెప్పుల గుట్ట. పాలరాయి ఐసుగడ్డలా అరికాళ్లను కొరుకుతోంది.

మందిరం మధ్యలో సింహాసనం ఉంది. సింహాలేమీ లేవు, కుర్చీ కూడా కాదు. తెల్ల పాలరాతి అరుగు, దాని మీద పరుపు, దిండ్లు. మొదట నేను రాజుగారి మంచం అనుకున్నాను. ఇక్కడే నవాబులు కూర్చునేవారని అత్తయ్య గుసగుసగా చెప్పింది. దిండు మీద ఒక్క నొక్కు లేదు, పరుపు మీద ఒక్క ముడత లేదు. చుట్టూ తాడు కట్టి ఉంది. తాడు పక్కన ఒక కాపలా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను చాలాసేపు ఎదురుచూసి, ఇక ఆగలేక ఆయన్నే అడిగాను.

"అంకుల్, రాజు ఎప్పుడొస్తాడు?"

"ఏ రాజు?"

"దీని మీద కూర్చునే రాజు."

"దాని మీద ఎవ్వలు కూసోరు బేటా."

"రాజు కూడా కూర్చోడా?"

ఆయనకు పొద్దున్నుంచీ నిలబడి కాళ్లు పీకుతున్నాయో, నాలాంటివాళ్లు రోజుకు ఎంతమంది వస్తారో, ఒక నిట్టూర్పు విడిచి, "రాజు సుత కూసోడు. నేను సుత కూసోను. జర పక్కకు జరుగు, ఎనక మస్తు మంది ఉన్నరు" అన్నాడు.

నేను పక్కకు జరిగాను. కానీ నా బుర్రలో దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. అదన్నమాట సంగతి. మేమంతా ఇన్నాళ్లూ తప్పుగా చేస్తున్నాం. మామూలు మనుషులు కుర్చీ కనపడితే కూర్చుంటారు. నిజమైన రాజు కూర్చోడు, నిలబడతాడు. సింహాసనం ముందు చెప్పులు వేసుకోరు, మహల్లో కిరీటం పెట్టుకోరు, గట్టిగా అరవరు. అందుకే ఇది ఇంత గొప్పగా ఉంది. తిరుగు బస్సులో అత్తయ్య పక్కన కూర్చుని, "రాజు కూర్చోడంట అత్తయ్యా" అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ "ఊఁ" అంది. "నాకు రాజరికం వచ్చేసింది" అన్నాను. దానికీ "ఊఁ" అంది. వెనక సీట్లో గంట ఆ రోజంతా మాట్లాడని మాటలన్నీ కలిపి మాట్లాడుతున్నాడు.

ఆదివారం సాయంత్రం చర్చి కిక్కిరిసిపోయింది. రంగు కాగితాల నక్షత్రాలు, అగరొత్తుల్లేని లోటు తీర్చే కేకు వాసన, ముందు వరసలో పెద్దలు. మా అమ్మ మెరూన్ రంగు కర్టెన్‌ను నాకు రాజవస్త్రంగా చుట్టి, కిరీటం సర్ది, వేషానికని కొత్త జోళ్లు తొడిగింది. తెర తీశారు. వేదిక మధ్యలో అయ్యగారి కుర్చీ, ఎర్ర దిండు, మీద ఒక్క ముడత లేదు. నాకు పాలరాయి చల్లదనం అరికాళ్లలో తెలిసింది. ముందుకు నడిచి, కుర్చీ దగ్గర ఆగి, జోళ్లు విడిచి పక్కన పెట్టాను. కిరీటం తీశాను. ఎక్కడ పెట్టాలో తెలియక, మెల్లగా దిండు మీద పెట్టాను. చేతులు వెనక్కి కట్టుకుని కుర్చీ పక్కన నిలబడ్డాను.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ముగ్గురు జ్ఞానులూ వచ్చారు, రాజు కుర్చీలో లేకపోయేసరికి ఎవరికి నమస్కారం పెట్టాలో తెలియక దిక్కులు చూశారు. గంట పళ్లు బిగించి "కూసోరా, కూసో" అన్నాడు. వాడి గుసగుస వెనక వరసదాకా వినపడుతుంది. కొందరు నవ్వారు. నేను కూర్చోలేదు. వాడు మళ్లీ అన్నాడు. ఇక తప్పక, నాటకంలో లేని మాట నేనే అన్నాను.

"ఎవరూ కూర్చోకూడదన్నా. రాజు సుత కూసోడు."

నవ్వు పెద్దగా లేచింది. ఇక దూదే గతి అనుకున్నాను. అప్పుడు గంట నా కాళ్ల వైపు చూశాడు, కుర్చీలో ఉన్న కిరీటం వైపు చూశాడు. ఏమనిపించిందో వాడికి, చెప్పులు విడిచాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. పుట్టాక మొదటిసారి కాబోలు, మెల్లగా మాట్లాడాడు. "మేం తూర్పు నుంచి వచ్చినం. కొత్తగ పుట్టిన రాజు కోసం వెతుకుతున్నం. ఆయన ఎక్కడున్నడో నీకు తెలుసా?" ఆ మాటలు నేను వందసార్లు విన్నవే. కానీ ఆ మెల్లటి గొంతులో వింటే నిజంగా ఎవరో అడుగుతున్నట్టుంది. నేను గర్జించాల్సిన చోట గర్జన రాలేదు. "నేనుండగా ఇంకో రాజా?" అని నేనే ఆశ్చర్యపోయి అడిగాను. తర్వాత ఖాళీ కుర్చీ వైపు చూసి, "ఎవరు ఆయన?" అన్నాను. చర్చిలో నవ్వు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. ట్యూబ్‌లైట్ గీ అనే చప్పుడు మాత్రం వినపడింది.

నాటకం అయ్యాక సందేశం ఇవ్వడానికి అయ్యగారు లేచారు. అలవాటు ప్రకారం తన కుర్చీ వైపు నడిచి, అందులో అట్ట కిరీటం చూసి ఆగారు. తీసి పక్కన పెడతారనుకున్నాం. పెట్టలేదు. "ఇవాళ నేను చెప్పాలని తయారై వచ్చిన సంగతి మా హేరోదు రాజు చెప్పేశాడు" అన్నారు. "ఆ కుర్చీ ఎవరిదో ఆయన వచ్చేదాకా అట్లా ఉండనివ్వండి." ఆ తర్వాత ఎంతో సేపు నిలబడే మాట్లాడారు. (చెప్పడానికి ఏమీ మిగల్లేదన్న మనిషి అంతసేపు ఏం చెప్పారో నాకు గుర్తులేదు.) ముందు వరసలో ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు. నేను విందు కోసం దించిన వంటపాత్రల వెనక దాక్కుని ఉన్నాను, అత్తయ్య వచ్చి చెవి పట్టుకుంటుందని. ఆమె వచ్చింది. కళ్లజోడు పైనుంచి చూసి, "హేరోదుకు నువ్వు పనికిరావు" అంది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "వచ్చే ఏడు మరియమ్మ పక్కన యోసేపు వేషం. మాటలేమీ ఉండవు, మొదటి నుంచి చివరిదాకా నిలబడటమే. దాంట్లో నిన్ను మించినవాడు లేడు" అని ఒక కేకు ముక్క చేతిలో పెట్టింది. అలా గొర్రెను కాకుండా బతికిపోయాను. హేరోదు వేషం గంటకు పోయింది, వాడు నిలబడే గర్జిస్తే అద్దాలు మళ్లీ గణగణమన్నాయి.

ఆ కుర్చీలో మాత్రం మళ్లీ ఎవరూ కూర్చోలేదు. మరుసటి ఆదివారం అయ్యగారు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నారు. ఆయన తర్వాత వచ్చిన అయ్యగారూ ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చున్నారు. ఇప్పుడున్నాయన కూడా అంతే, నడుము నొప్పి అని ఒక దిండు మాత్రం తెచ్చుకుంటారు. కొత్తగా చేరినవాళ్లు అంత మంచి కుర్చీ ఎందుకు ఖాళీగా పెట్టారని అడిగితే, "పెద్దలు పెట్టిన పద్ధతి" అని గంభీరంగా చెప్తారు మా సంఘంవాళ్లు. ఆ పెద్దలు అప్పటికి మూడో తరగతి చదువుతున్నారని ఎవరూ చెప్పరు. నేను కూడా చెప్పను. ఆఫీసులో గిర్రున తిరిగే కుర్చీలో రోజంతా కూర్చుని వచ్చి, ఆదివారం వెనక వరసలో కూర్చుని ఆ ఎర్ర దిండు చూసి నాలో నేను నవ్వుకుంటాను.

ఈ డిసెంబరులో అత్తయ్యను మళ్లీ ఆ మహలుకి తీసుకెళ్లాను. మెట్రో ఎక్కి, దిగి, ఆటోలో. ఆమె ఇప్పుడు రిటైరయింది కానీ సండే స్కూలు వదల్లేదు. మోకాళ్ల నొప్పులని డాక్టరు తాళ్లు కట్టుకునే బూట్లు వేసుకోమన్నాడు. కొలను మీద అదే సన్నటి మంచు, అవే పావురాలు. నేను పెరిగాను కదా, ఆ చోటు కాస్త చిన్నదై కనపడుతుందనుకున్నాను. కనపడలేదు. దర్బారు గుమ్మంలో ఆగి అత్తయ్య బూట్ల వైపు వంగబోయి వంగలేకపోయింది. నేను కింద కూర్చుని ఆ తాళ్లు విప్పాను. నావీ విడిచాను, ఎడమ సాక్సుకు బొటనవేలి దగ్గర చిల్లు. ఆమె కొంగు తల మీద కప్పుకుంది. చల్లటి రాతి మీద నడిచి వెళ్లి తాడు దగ్గర నిలబడ్డాం. దిండు మీద ఇప్పటికీ ఒక్క నొక్కు లేదు.

"అత్తయ్యా, ఆ రోజు ఇక్కడ కాపలా ఆయన చెప్పింది చూడ్డానికి వచ్చేవాళ్ల గురించి కదా" అన్నాను. "రాజు గురించి కాదు. నాకు చాలా ఏళ్ల తర్వాతగానీ వెలగలేదు."

"నాకు అప్పుడే తెలుసురా. పక్కనే ఉన్నాగా."

"మరి బస్సులో చెప్పలేదే?"

ఆమె పైకి, ఆ గాజు గుత్తుల వైపు చూస్తూ నిలబడింది. గోడ మీద రంగు చుక్క ఒకటి మెల్లగా కదిలి ఆమె కొంగు మీదకు వచ్చింది.

"చెప్తే నువ్వు కూర్చునేవాడివి" అంది.

మంకీ క్యాపు పెట్టుకుని, గుడ్డ సంచి గుండెకు హత్తుకుని, రాజు వస్తాడని చూస్తున్న ఆ పిల్లవాడు అక్కడే, తాడు పక్కనే ఎక్కడో ఉన్నాడనిపించింది. వాడికి అసలు సంగతి చెప్పబుద్ధి కాలేదు. కాసేపయ్యాక గుమ్మం దగ్గరకు వచ్చి, అత్తయ్య బూట్ల తాళ్లు కట్టడానికి మళ్లీ కింద కూర్చున్నాను. అప్పటికి మా బూట్ల పక్కన ఎవరెవరివో ఇంకొన్ని చెప్పులు చేరి ఉన్నాయి.